ముల్లరు గారి పుస్తకమును మనమెట్లు చదివితిమి?

జార్జి ముల్లరు గారి పేరు మీరు వినియే యుందురు. కూటములలో ప్రసంగీకులు చింతను గూర్చి మాటలాడునప్పుడెల్ల ఆ భక్తుని కథ ఒకటి తప్పక చెప్పుదురు. అనాథశాలలో రొట్టె లేదు, పాలు లేవు, చేతిలో కాసు లేదు, ఆయన ప్రార్థించెను, అంతలో ఎవరో తలుపు తట్టిరి. వినువారు "ఆమేన్" అందురు. నేనును ఇరువది యేండ్లు ఆ కథను అట్లే చెప్పుచు వచ్చితిని. అయితే ఆయన తన చేతితో వ్రాసికొన్న వృత్తాంతమును మాత్రము చదువలేదు. చదువని పుస్తకమును గూర్చి ప్రసంగించుట మా ఉపదేశకులలో అంత అరుదైన సంగతి కాదు.

ఇప్పుడు చదివితిని. నన్ను చదివించినవాడు మా సంఘములోని ఒక కౌలురైతు. రెండెకరముల మిరప వేసెను. తెగులు తగిలి కాపు పోయినది. ఎరువుల కొట్టులో బాకీ, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, అది గాక కౌలు. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట నాయొద్దకు వచ్చి, రాత్రులు నిద్ర పట్టుట లేదని చెప్పెను. నేను అలవాటు చొప్పున ముల్లరు గారి కథ చెప్పి, "చింతపడకు నాయనా. మనుషులతో చెప్పుకోవద్దు. దేవునితోనే చెప్పుకో" అంటిని. అతడు కొంతసేపు ఊరకుండి, "అయ్యగారూ, ఆ పిల్లల పేరన ఎవరైనా నోటు రాయించుకున్నారాండీ?" అని అడిగెను. నేను నవ్వి ఊరకుంటిని. ఇప్పుడు ఆ నవ్వునకు సిగ్గుపడుచున్నాను. ఏలయనగా అతడు నా మాటను అక్షరాల పాటించెను. ఎవరితోను చెప్పలేదు. ఇంటి ఇల్లాలితో కూడ చెప్పలేదు. ఆరు నెలలకు అప్పిచ్చినవాడు వచ్చి పాడిగేదెను విప్పి తోలుకొని పోవుచుండగా ఆమెకు తెలిసినది.

కాబట్టి అతని ప్రశ్నకు జవాబు వెదకుటకై ఆ పుస్తకమును తెరచితిని.

ముల్లరు గారు 1805లో ప్రష్యా దేశమందు జన్మించి, ఇంగ్లాండులోని బ్రిస్టలు పట్టణములో స్థిరపడి, 1898లో అక్కడనే కన్నుమూసిరి. తమ వృత్తాంతములోని మొదటి భాగమును 1837లో ప్రకటించిరి. గోదావరి సీమ సంఘములకు ఆయన పరాయివారు కారు. ఆయన భార్య మేరీ గారి అన్నయగు ఆంతొని నారిస్ గ్రోవ్సు గారి ప్రోత్సాహము చేతనే బౌడెను, బీరు అను దొరలు 1836లో మన దేశమునకు వచ్చి, పిమ్మట నరసాపురము నందు సువార్త పని నాటిరి. ఆ 1836లోనే బ్రిస్టలులోని విల్సను వీధిలో ముల్లరు గారి మొదటి అనాథశాల తెరువబడినది. 1870 నాటికి ఆష్లీ డౌను అను మెరకమీద అయిదు గొప్ప భవనములు లేచినవి. వాటిలో 2,050 మంది పిల్లలకు చోటుండెను.

ఇంత గొప్ప పని చేసినవాని పుస్తకము ఎట్లుండును? అద్భుతముల మాల వలె ఉండునని నేననుకొంటిని. అది చిట్టా పుస్తకము! ఫలాని తేదీన ఇన్ని పౌనులు, ఇన్ని షిల్లింగులు, ఇన్ని పెన్నీలు వచ్చినవి, ఇంత ఖర్చయినది, ఇంత మిగిలినది, లేక ఏమియు మిగులలేదు. పుట తరువాత పుట ఇదియే. నిజము చెప్పవలెనంటే నాలుగైదు చోట్ల నాకు కునుకు వచ్చినది. ఒకటే మాట పదేపదే వచ్చును. ఆ భక్తుడు తన గ్రంథమును కుదించుటకు ఎవరినైనను అడిగియుండవలసినది.

కాని ఆ విసుగులోనే దాని బలమున్నది. ఖాళీ సంచిని ఆయన దాచలేదు. లేని దినమున లేదని వ్రాసెను. తన ఆత్మ ఎండిపోయిన దినములను కూడ వ్రాసెను. చింతగల మనిషి ఏమి చేయును? మనలను మనమే చూచుకొందము. కొట్టువాడు పంపిన చీటీని చూరులో దోపి మరల చూడము. సెల్లు ఫోను మ్రోగితే పేరు చూచి ఎత్తము. ఎంత బాకీ అని భార్య అడిగితే కసరుకొందుము. అట్లని మనస్సు ఊరకుండునా? రాత్రియంతయు లెక్క వేయుచునే యుండును. పగలు లెక్క చూడనివాడే రాత్రి లెక్క వేయును. ముల్లరు గారు పగలు లెక్క వ్రాసి, దానిని దేవుని యెదుట పరచి, రాత్రి పండుకొనెను. పక్షులను చూడుడని చెప్పిన ప్రభువే, గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని లూకా 14వ అధ్యాయములో చెప్పెను. ఈ రెండు మాటలును ఒకే నోట వచ్చినవని నేను చాల కాలము మరచితిని.

ఒక ముచ్చట మాత్రము మీకు చెప్పక పోజాలను. 1836 ఫిబ్రవరిలో పిల్లలను చేర్చుకొనుటకై ఒక దినము నియమించి, ముల్లరు గారు మందిరపు గదిలో రెండు గంటలు కూర్చుండిరి. ఒక్కరును రాలేదు! ఇంటి కొరకు ప్రార్థించిరి, ధనము కొరకు ప్రార్థించిరి, పనివారి కొరకు ప్రార్థించిరి. పిల్లలను పంపుమని అడుగుటయే మరచిరట. లోకములో అనాథలకు కొదువేమని ఆయన తలంపు. ఈ సంగతిని దాచకుండ వ్రాసికొన్న మనుష్యుని నేను నమ్మగలను.

మరి కౌలురైతు ప్రశ్నకు జవాబేమి? జవాబు స్పష్టముగా నున్నది. ఆ పిల్లల పేరున ఎవరును నోటు వ్రాయించుకొనలేదు. ముల్లరు గారు అప్పు చేయరాదని కట్టడి చేసికొనిరి. రొట్టెలవానికి, పాలవానికి వారము చివర చెల్లించు వాడుక యుండగా, దానిని కూడ మాని, కొన్న వెంటనే సొమ్ము ఇచ్చు పద్ధతి పెట్టిరి. చూచితిరా, నేను ఇరువది యేండ్లు చెప్పిన కథలో లేనిదానిని మా సహోదరుడు ఒక్క ప్రశ్నతో పట్టుకొనెను. అప్పు లేనివాని ఖాళీ చేయి వేరు, వడ్డీ నడుచుచున్నవాని ఖాళీ చేయి వేరు. వడ్డీకి ఆదివారము సెలవు లేదు. మొదటివాని కథను రెండవవానికి చెప్పి, నీకు విశ్వాసము తక్కువ అనునట్లు చూచుట అన్యాయము.

ఇక పుస్తకములో నాకు సరిపడని సంగతులు రెండు కలవు. మొదటిది: పిల్లలు దానిలో దాదాపు కనబడరు. ఎందరో తెలియును, వారు ఏమనుకొనిరో, ఖాళీ సంచి నాడు వారి ముఖములెట్లుండెనో తెలియదు. అక్కడి పనివారు కొంచెము కనబడుదురు, ఆ కొంచెమే నన్ను ఆపినది. 1838లో సొమ్ము లేని దినములలో ఆ పనివారు తమ చేతిలోనిది ఇచ్చిరి. తప్పనిసరి కాని వస్తువులను అమ్మిరి. అనగా దేవుడు పంపిన సహాయములో కొంత భాగము ఆ ఇంటిలోనే పనిచేయు ఆడువారి పెట్టెలలోనుండి వచ్చినది. ప్రసంగములలో తలుపు తట్టిన పరాయివానిని తలంతుము గాని వీరిని తలంపము.

రెండవది మరింత ముఖ్యము. తన అవసరమును మనుష్యులకు తెలుపకూడదని ఆయన నియమము. దానిని ఆయన నిజాయితీగా పాటించెను. 1841 చివర వార్షిక సభ పెట్టి, నివేదిక అచ్చు వేయవలసి యుండగా, చేతిలో ఏమియు లేనందున, ఆ సభయే యాచన వలె తోచునని దానిని వాయిదా వేసెను. ఇది గొప్ప సంగతియే. అయినను ఆయన నివేదికలు ఏటేట అచ్చయి అనేకుల చేతులలోనికి పోవుచుండెను. దేవుడు అడిగించకుండ ఎట్లు ఇచ్చెనో అందరును చదువుచుండిరి. మా కౌలురైతుకు నివేదిక ఎవరు అచ్చు వేయుదురు? పౌలు యెరూషలేము బీదల కొరకు కొరింథీయులను సూటిగా చందా అడిగెను. ఒకరి భారములనొకరు మోయవలెనని గలతీయులకు వ్రాసెను. చెప్పనిదే భారము మోయుటెట్లు? ముల్లరు గారు తనకు పెట్టుకొన్న నియమమును నేను పరునికి ఆజ్ఞగా ఇచ్చితిని. ఆ తప్పు పుస్తకముది కాదు, నాది.

ఈ గ్రంథము మీకు దొరికిన యెడల 1857 నవంబరు నాటి సంగతి ముందు చదువుడి. మొదటి భవనమును వెచ్చగా నుంచు నీటి బాన కారుచుండెను. దాని చుట్టును ఇటుక కట్టడము. బాగుచేయుటకు నిప్పు ఆర్పవలెను, లోపల మూడు వందల మంది పిల్లలు, శీతకాలము. ముల్లరు గారు వేరు పొయ్యిలు పెట్టుటకు వీలగునా అని విచారించిరి. వీలు కాలేదు. పనివారిని పిలిచి, నిప్పార్పుటకు బుధవారము నిర్ణయించిరి. అంతలో చలి ఉత్తరపు గాలి మొదలయినది. అప్పుడు ఆయన రెండు మనవులు చేసెను: గాలి దక్షిణమునకు మారవలెను; నెహెమ్యా దినములలో వలె పనివారికి పనిచేయు మనస్సు కలుగవలెను. మంగళవారము సాయంకాలము కూడ ఉత్తరపు గాలియే. బుధవారము దక్షిణపు గాలి వీచినది. పనివారు రాత్రియంతయు పనిచేయుదుమని తామే చెప్పిరి.

పనివారిని కుదుర్చుట తన పని, గాలి తన పని కాదు అని ఆయన ఎరుగును. చింతయందు మనకు ఈ రెండును తారుమారగును. గాలిని గూర్చి మంచముపై పొర్లుచు, పనివానిని పిలుచుట మరచెదము.

సంక్రాంతి వెళ్లిన తరువాత ఆ సహోదరుని ఇంటికి పోయి, ఇద్దరి యెదుటను నా తప్పు ఒప్పుకొంటిని. అరుగుమీద కూర్చుండి ముగ్గురమును బాకీలన్నియు ఒక కాగితముపై వ్రాసితిమి. అతడు అనుకొన్నదానికంటె మొత్తము పదునెనిమిది వేలు ఎక్కువే తేలినది. అతని భార్య కాగితము తీసికొని, ఏది ముందు తీర్చవలెనో, ఎవరిని గడువు అడుగవలెనో తానే గురుతులు పెట్టెను. ప్రార్థన చేయుటకు నేను నోరు తెరచుచుండగా, "మీరుండండి అయ్యగారూ, నేను చేస్తాను" అని, ఆ కాగితము చేత పట్టుకొని, ఎవరికెంతయో ఒక్కొక్క బాకీ పేరును, మొత్తమును చెప్పి దేవునికి మనవి చేసినది.