సంధి లేని పాఠశాల

పరవస్తు చిన్నయసూరిగారు 1853లో ప్రకటించిన నీతిచంద్రిక తెలుగు పాఠశాలల గద్యమునకు చిరకాలము ఒరవడిగా నిలిచినది. అందు మిత్రలాభము, మిత్రభేదము అను రెండు భాగములే కలవు. సంస్కృత హితోపదేశమున మాత్రము మిత్రలాభము, సుహృద్భేదము, విగ్రహము, సంధి అని నాలుగు భాగములున్నవి. సూరిగారు విడిచిన విగ్రహసంధులను పిమ్మట కందుకూరి వీరేశలింగం పంతులుగారు తెనిగించిరి. అయినను మేము చదువుకొన్న దినములలో గాని, మేము చదువు చెప్పుచున్న యీ దినములలో గాని సంధిభాగమును నోరార చెప్పిన విద్యార్థిని మేము చూచి యెరుగము. చెలిమి యెట్లు కలుగునో, ఎట్లు చెడునో మన బాలురకు నేర్పితిమి. చెడిన చెలిమి మరల నెట్లు కూడునో నేర్పలేదు. ఈ లోపము పుస్తకమున మాత్రమే యున్నచో విమర్శకులు చూచుకొందురు. అది మన బడులలో నాటుకొని యున్నది గనుక చదువరుల యెదుట పెట్టుచున్నాము.

మొదట ఒక్క పదమును విచారింతము. సంస్కృతమున 'శిక్ష' యనగా విద్య. శక్తుడగుటకు కోరిక యను అర్థమునుండి ఆ పదము పుట్టినదని వైయాకరణులు చెప్పుదురు. తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లి విద్యనుగూర్చినదే గాని దండనమును గూర్చినది కాదు. తెలుగునకు వచ్చుసరికి ఆ పదమే దండనమున కర్థమై కూర్చున్నది. 'శిక్షణ' యన్నచో నేర్పుట, 'శిక్ష' యన్నచో కొట్టుట. ఒక జాతి తన పిల్లలను ఎట్లు పెంచినదో ఆ జాతి నిఘంటువే యొక్కొక్కప్పుడు సాక్ష్యము చెప్పును.

ఈ చిక్కును మనవారిలో తీవ్రముగా గుర్తించినవారు గుడిపాటి వెంకటచలముగారు. ఆయన స్వయముగా పాఠశాలల పర్యవేక్షణాధికారిగా పనిచేసినవారు. ఆయన 'బిడ్డల శిక్షణ' పిల్లలను కొట్టుటను, భయపెట్టుటను నిర్దయగా ఖండించినది. బిడ్డలు పెద్దల సొత్తు కారని చాటినది. ఆ గ్రంథమునకు మేము ఋణపడి యున్నాము. అయినను దానియందు మాకొక కొరత తోచుచున్నది. దాని చూపు ప్రధానముగా పెద్దలకును బిడ్డలకును నడుమనున్న సంబంధముపైననే నిలిచినది. బడియన్నది పెద్దలు బిడ్డల నాళించు చోటు మాత్రమే కాదు. నలువదిమంది పిల్లలు ఒకరినొకరు నొప్పించుకొను చోటును అగును. బెత్తము తీసివేయుమని చెప్పుట సగము పని. ఒక పిల్లవాడు వేరొకని నొప్పించినప్పుడు ఏమి చేయవలెనన్న ప్రశ్న మిగిలియే యున్నది.

చట్టము సైతము ఆ సగముననే ఆగినది. 2009నాటి విద్యాహక్కు చట్టములోని 17వ విభాగము శారీరక దండనమును, మానసిక వేధింపును రెంటిని నిషేధించినది. 2010 ఏప్రిల్ 1 నుండి అది అమలులోనికి వచ్చినది. బెత్తము చాలవరకు పోయినది. దాని స్థానమున వెక్కిరింత, గది వెలుపల నిలువబెట్టుట, 'టీసీ యిచ్చి పంపెదము' అను బెదిరింపు వచ్చి చేరినవి. వీనిలో అనేకములు చట్టము నిషేధించిన మానసిక వేధింపులే. కాని చేతికి కనబడవు గనుక వీనిని మేమెవ్వరమును దండనములుగా లెక్కింపము.

ఇతరుల తప్పు చెప్పుటకు ముందు మా తప్పు చెప్పుకొందుము. వికారాబాదునకును తాండూరునకును నడుమ ఒక పాఠశాలలో మేము పనిచేయుచుండగా ఏడవ తరగతి బాలుడొకడు తోటివాని జామెట్రీపెట్టె తీసెను. వాని తల్లిదండ్రులు నాపరాళ్ళ గనిలో కూలిపనికి సరిహద్దు దాటి వచ్చినవారు. ఇంటిలో కన్నడము మాటాడుదురు. మేము వానిని కొట్టలేదు. ఉదయప్రార్థనలో అందరి యెదుట నిలువబెట్టి క్షమాపణ చెప్పించితిమి. వాడు తల వంచుకొని చెప్పెను. మరునాటినుండి బడికి రాలేదు. కొన్నినెలల తరువాత తాండూరులో నొక పాలిషు కార్ఖానా యెదుట రాళ్ళు మోయుచు కనబడెను. ఒడలంతయు తెల్లని దుమ్ము. 'నమస్తే సార్' అని పలుకరించి లోనికి పోయెను. పెట్టె పోగొట్టుకొన్నవాడు అనేక వారములుగా వాని మాటతీరును వెక్కిరించుచుండెనని పిమ్మట తరగతిలోని వేరొక పిల్లవాడు చెప్పగా తెలిసినది. ఏమి జరిగినదని మేము ఆనాడు అడుగనే లేదు. పెట్టె పోయినవానికి పెట్టె రాలేదు. తీసినవానికి బడి పోయినది. మాకు మాత్రము న్యాయము చేసితిమన్న తృప్తి మిగిలినది.

ఆంగ్లమున 'రెస్టోరేటివ్ ప్రాక్టీసెస్' అని పిలువబడు పద్ధతి ఇట్టి తృప్తిని ప్రశ్నించుచున్నది. 1974లో కెనడాలోని ఎల్మైరా పట్టణమున ఇండ్లకును వాహనములకును నష్టము చేసిన యిద్దరు యువకులను, నష్టపడినవారి వాకిళ్ళకు స్వయముగా వెళ్ళి మాటాడి నష్టము తీర్చునట్లు చేసిరి. 1989లో న్యూజీలాండు దేశము బాలనేరస్థుల విషయమున కుటుంబసమావేశములను చట్టబద్ధము చేసినది. 1994 ప్రాంతమున ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండులో ఈ మార్గము పాఠశాలలకు ప్రాకినది. దీని సారము మూడు ప్రశ్నలు: ఏమి జరిగినది? ఎవరికి నొప్పి కలిగినది? దానిని సరిచేయుటకు ఎవరేమి చేయవలెను? ఏ నియమము తప్పెను, ఎంత దండనము తగును అను పాత ప్రశ్నలకును వీనికిని ఎంత దూరమో చదువరులే చూడగలరు.

అయినను విదేశమునుండి వచ్చినది గనుక కన్నులు మూసి స్వీకరింపరాదు. 2018లో రాండు సంస్థ ప్రకటించిన పరిశోధన అమెరికాలోని పిట్సుబర్గు నగరమున 44 పాఠశాలలను రెండేండ్లు పరిశీలించినది. ఈ పద్ధతి నవలంబించిన బడులలో పిల్లలను కొన్నినాళ్ళు బడినుండి వెలివేయు దండనములు తగ్గినవి. బడి వాతావరణము బాగుపడినదని ఉపాధ్యాయులు చెప్పిరి. కాని ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు పరీక్షాఫలితములు క్షీణించినవి. కావున ఇది మంత్రము కాదు. ఓపికయు, అభ్యాసమును కోరు పని.

ఇచ్చట మన హితోపదేశము మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. దాని చివరి భాగము పదునారు విధముల సంధులను చెప్పినది. అందు కపాలసంధి సరిసమానులు చేసికొనునది. ఉపహారసంధి ఒకడు వేరొకని కేదో సమర్పించుటచే కలుగునది. సంగతసంధి సజ్జనమైత్రిచే కలుగునది. అది మేలిమిగనుక దానినే కాంచనసంధి యనియు పిలిచిరి. హంసరాజునకును నెమిలిరాజునకును జరిగిన యుద్ధము కడకు అట్టి సంధితోనే ముగిసినది. ప్రార్థనాసభలో మేము చెప్పించిన క్షమాపణ ఏ సంధి? అది ఉపహారసంధి. బలహీనుడు తన మానమును సమర్పించి శాంతిని కొనుక్కొనెను. ఈ భేదమును గుర్తింపక 'చేతులు కలుపుడు, ఇక పొండు' అను ఉపాధ్యాయుడు, కొత్త పద్ధతి పేరు పెట్టుకొనినను పాత దండనమునే చేయుచున్నాడు.

కొందరు మిత్రులు 'ఇది మన రచ్చబండయే గదా' యందురు. ఆ మాటను మేము పూర్తిగా నంగీకరింపలేము. రచ్చబండపై అందరును కూర్చుండలేదు. కొందరు క్రిందనే నిలిచిరి. బలవంతుని మాట తీర్పైనది, బీదవాడు తప్పు చెల్లించెను. పాఠశాలలో పిల్లలను వలయముగా కూర్చుండబెట్టినంత మాత్రమున ఆ యెత్తుపల్లములు సమసిపోవు. తాండూరు ప్రాంతపు తరగతిలో తెలుగు, ఉర్దూ, కన్నడము, లంబాడీ మాటాడు పిల్లలు ఒక్క బల్లపై కూర్చుందురు. వారిలో పాఠ్యపుస్తకపు తెలుగు ధారాళముగా వచ్చిన బిడ్డ తన కథను బాగుగా చెప్పును, నమ్మించును. తండానుండి వచ్చిన బాలిక నాలుగు మాటలు చెప్పి మౌనము వహించును. ఆమె మౌనమును నేరాంగీకారముగా తలచినచో వలయము సైతము రచ్చబండయే యగును. కావున ముందుగా ఒక్కొక్కరిని వేరువేరుగా, వారికి వచ్చిన భాషలో వినవలెను. నొచ్చినవాడు ఇష్టపడినప్పుడే ఇద్దరిని ఎదురెదురుగా కూర్చుండబెట్టవలెను. హింసకును, లైంగిక వేధింపునకును ఈ మార్గము వర్తింపదు. అచ్చట చట్టమే శరణ్యము.

2020నాటి జాతీయ విద్యావిధానము పిల్లల సాంఘిక, భావోద్వేగ వికాసమును గూర్చి చెప్పినది. బడులలో సలహాదారులుండవలెననియు తలచినది. మంచిదే. కాని సలహాదారుడు వచ్చువరకు ఉపాధ్యాయుడు వేచియుండరాదు. ఉదయమున హాజరు పిలుచుటకు ముందు అయిదు నిమిషములు 'రాత్రి నిద్రపట్టినదా? తిన్నావా?' అని యడుగుటకు ప్రభుత్వోత్తరువు అక్కరలేదు. మేము కొన్నేండ్లుగా ఇట్లే చేయుచున్నాము. తగవులు మాయమైనవని చెప్పము. తగవు పడినవారు మరునాడు బడికి వచ్చుచున్నారు. మాకదియే పెద్ద మార్పు.

గృహస్థులైన చదువరులకు ఒక్క విన్నపము. మీ బిడ్డ బడిలో తప్పు చేసినాడని కబురు వచ్చినప్పుడు 'ఏమి శిక్ష వేసిరి?' అని యడుగుట మాని 'ఎవరికి నొప్పి కలిగినది? మావాడేమి చేసి సరిదిద్దగలడు?' అని యడుగుడు. మీ బిడ్డకే అన్యాయము జరిగినప్పుడును తప్పు చేసినవానిని తరిమివేయుడని పట్టుపట్టకుడు. తరిమివేయబడినవాడు ఎచ్చటికి పోవునో మేము తాండూరు బాటలో కన్నులార చూచితిమి. ఆ బాలుని మేము మరల బడికి తేలేకపోయితిమి. ఇంకొకనిని పోగొట్టుకొనకుండుటయే ఇప్పుడు మాకు మిగిలిన ప్రాయశ్చిత్తము.