కొవ్వు ఏ కణంలో మిగిలింది?

మెదడు ముక్కను మైనంలో బిగించి కోయడం పాథాలజీ ల్యాబుల్లో రోజూ జరిగేదే. ముందు ఆల్కహాల్, తర్వాత జైలీన్, చివరికి కరిగిన మైనం. ముక్క చక్కగా తెగుతుంది గానీ, ఆ దారిలో నీటితో పాటు కొవ్వు కూడా చాలావరకు కరిగిపోతుంది. మైక్రోస్కోపు కింద కొవ్వు బొట్లు ఉండాల్సిన చోట ఖాళీలే కనిపిస్తాయి. కిడ్నీ ముక్కలో అయితే సర్దుకుంటాను. నీరు తీసేస్తే మిగిలే బరువులో సగం దాకా కొవ్వే ఉండే మెదడు విషయంలో సర్దుకోవడం నాకు చేతకాదు.

అందుకే ఫ్రోజెన్ సెక్షన్‌ను వదల్లేదు. మైనస్ 20 డిగ్రీల దగ్గర, క్రయోస్టాట్‌లో పని. మరీ చల్లబడితే ముక్క పగులుతుంది, కాస్త వెచ్చబడితే బ్లేడుకు అంటుకుని నలిగిపోతుంది. చుట్టుకుపోయే అంచును సన్నని బ్రష్‌తో ఆపి స్లైడు దగ్గరికి తెస్తే, ముక్క తనంతట తానే వచ్చి అతుక్కుంటుంది. తర్వాత ఆయిల్ రెడ్ ఓ రంగు. అప్పటికప్పుడు వడకట్టకపోతే దాని నలకలే కొవ్వు బొట్లలా మోసం చేస్తాయి. చివర్లో అలవాటు కొద్దీ జైలీన్‌లో ముంచితే పడ్డ కష్టమంతా పోయినట్టే. గ్లిజరిన్ జెల్లీతోనే కవర్‌స్లిప్ వేయాలి.

ఇంత చేశాక కనిపించే ఎరుపు వట్టి కొవ్వు గుర్తు కాదు. నాడీ తంతువులను చుట్టి ఉండే మైలిన్ పొర ఆరోగ్యంగా ఉంటే ఈ రంగును పెద్దగా పట్టదు. ఆ పొర చెదిరినప్పుడు శిథిలాలను మైక్రోగ్లియా, మాక్రోఫేజులు మింగుతాయి. వాటిలోని ఏక్యాట్ అనే ఎంజైము కొలెస్టరాల్‌కు కొవ్వు ఆమ్లాన్ని తగిలించి బొట్లుగా దాస్తుంది. ఎరుపెక్కేది ఆ బొట్లే. అంటే నేను చూస్తున్నది ఒక ఎంజైము పని చేసిన జాడ, అదీ ఫలానా కణంలో.

ఈ ‘ఫలానా కణం’ అన్నదే నాకు ముఖ్యం. మెదడు ముక్కనంతా నూరి ఎంజైము కొలిస్తే సగటు వస్తుంది. ఎవరి పని ఎవరు చేశారో తెలియదు. రక్తంలోని కొలెస్టరాల్ మెదడులోకి దాదాపు రాదు, మెదడు తనకు కావలసింది తానే చేసుకుంటుంది. పెద్దవాళ్లలో ఆ తయారీ ఎక్కువగా ఆస్ట్రోసైట్లది. మిగులును బయటికి పంపేందుకు దాన్ని మార్చే సీవైపీ46ఏ1 ఎంజైము మాత్రం ప్రధానంగా నాడీకణాల్లో ఉంటుంది. నాడీకణంలో కొవ్వు బొట్లు అరుదుగా కనిపిస్తాయి కదా, అక్కడ కొవ్వు పని లేదనుకోవడం పొరపాటు. డీడీహెచ్‌డీ2 అనే ఎంజైము ట్రైగ్లిజరైడ్లను ఎప్పటికప్పుడు విడగొడుతూ ఉంటుంది. దాని జన్యువు రెండు ప్రతులూ చెడిన పిల్లల్లో మెదడులో కొవ్వు పేరుకుంటుంది, కాళ్లు బిగుసుకుపోతాయి.

పుట్టుకతో ఎంజైము లేని జబ్బుల్లోనూ ఇదే ప్రశ్న. టే-శాక్స్ వ్యాధిలో హెక్సోసమినిడేజ్-ఏ అనే ఎంజైము లేదని 1969లో తేలింది. దాని జన్యువు అన్ని కణాల్లోనూ ఉంటుంది. అయినా ఉబ్బి నశించేవి ముఖ్యంగా నాడీకణాలు, ఎందుకంటే అది విడగొట్టాల్సిన గాంగ్లియోసైడ్లను విస్తారంగా తయారుచేసేవి అవే. మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రఫీలో లేనిది ఆరిల్‌సల్ఫటేజ్-ఏ. అది విడగొట్టాల్సిన సల్ఫటైడ్ మైలిన్ కొవ్వు కాబట్టి, దెబ్బ మైలిన్ కట్టే ఆలిగోడెండ్రోసైట్ మీద పడుతుంది. ఆమ్లం కలిపిన క్రెసిల్ వయొలెట్ వేస్తే పేరుకున్న సల్ఫటైడ్ ఊదారంగుకు బదులు గోధుమరంగులో తేలుతుంది. మైనం స్లైడులో వెతికితే ఆ గోధుమరంగు దొరకదు, ఫ్రోజెన్ ముక్క కావాలి.

మెటాక్రొమాటిక్ ల్యూకోడిస్ట్రఫీకి ఇప్పుడు జన్యు చికిత్స ఉంది. యూరప్‌లో 2020లో, అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. బిడ్డ రక్త మూలకణాలను తీసి, సరైన జన్యువు చేర్చి తిరిగి ఎక్కిస్తారు. వాటి నుంచి పుట్టిన కణాలు కొన్ని మెదడుకు చేరి మైక్రోగ్లియా లాంటి రూపం తీసుకుని ఎంజైమును బయటికి వదులుతాయి. చుట్టూ ఉన్న కణాలు దాన్ని లోపలికి తీసుకుంటాయి. ఒక కణానికి లేనిదాన్ని పక్క కణం ఇవ్వగలగడం నాకు ఈ శాస్త్రం మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన విషయం. అమెరికాలో ఈ చికిత్స ధర 42.5 లక్షల డాలర్లు. లక్షణాలు ముదిరాక ఇస్తే మేలు జరగదు, అందుకే అది ఎక్కువగా అక్కరకొచ్చేది వ్యాధి బయటపడిన బిడ్డకు కాదు, ఆ బిడ్డ తమ్ముడికో చెల్లెలికో.

చికిత్స అందినా అందకపోయినా, ముందుగా తెలియడం మన చేతుల్లో ఉంది. రక్తంలోని తెల్లకణాల్లో ఈ ఎంజైమును కొలవవచ్చు. తక్కువగా వచ్చినంత మాత్రాన జబ్బే అనుకోకూడదు, ఎంజైము తక్కువగా ఉండీ ఆరోగ్యంగా ఉండేవాళ్లు ఉంటారు. మూత్రంలో సల్ఫటైడ్‌నూ, జన్యువునూ చూశాకే నిర్ధారణ. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ఊళ్లలో, మొదటి బిడ్డకు వ్యాధి ఖాయమైన వారంలోనే రెండో బిడ్డ రక్తం తీయించాలి. తల్లి మళ్లీ గర్భవతి అయితే తొలి నెలల్లోనే పరీక్షకు పంపాలి. నేను సంతకం పెట్టే రిపోర్టుల కింద ఈ రెండు వాక్యాలూ విడిగా రాయిస్తాను, తెలుగులో, తల్లిదండ్రులు చదువుకునేలా.