క్వింటా లోపు మల్లులు

తొంభైల్లో మా నల్లజర్ల మగపిల్లలందరి దగ్గరా ఓ కార్డుల కట్ట ఉండేది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులు. ఒక్కోదాని మీద ఒక వస్తాదు బొమ్మ, కింద అంకెలు: ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్. వంతు వచ్చినవాడు ఏదో ఒక అంకె చదవాలి. అంకె పెద్దదైతే ఎదుటివాడి కార్డు వీడిదే. యోకోజునా కార్డు చేతికొచ్చినవాడు ఇంకేమీ చూసేవాడు కాదు, "వెయిట్!" అని అరిచేవాడు. సన్నపాటి మనిషి కార్డు వచ్చిందంటే మాత్రం మొహం చిన్నబోయేది.

మా తాతయ్య కుర్రతనంలో తాలింఖానాలో సాము చేసిన మనిషి. అరుగు మీద కూర్చుని మా ఆట కాసేపు చూసి, "ఏరా, బరువున్నోడే గెలుస్తాడా మీ ఆటలో?" అనడిగాడు ఓ రోజు.

"ఔను తాతా."

"బరువుదేవుందిరా, గానుగెద్దుకీ ఉంటాది. నడుం కింద చెయ్యి పడిందంటే ఎంతటోడైనా చిత్తే."

ఆ మాటలో ఎంత విద్య ఉందో అప్పుడు నాకు తెలియలేదు. చాలా ఏళ్ళ తర్వాత, జూనియర్ హెవీవెయిట్ అనే కుస్తీ బిరుదు చరిత్ర చదువుతుంటే తెలిసింది. ఆ చరిత్ర అమెరికాలో మొదలై జపాన్‌లో పండింది. కానీ చదువుతున్నంతసేపూ మా తాతయ్య తాలింఖానాయే కళ్ళ ముందు కదిలింది.

మాది మెట్ట, ఎర్రమట్టికి కొదవలేదు. ఆ మట్టిని తవ్వి, జల్లించి, రాయీ రప్పా ఏరేసి, పసుపూ నువ్వులనూనే మజ్జిగా కలిపి రోజుల తరబడి తొక్కితే గోదా తయారయ్యేదట. ఇప్పుడు ఊళ్ళో గోదా లేదు, మాట మాత్రం మిగిలింది. ఎన్నికలొస్తే ఫలానా ఆయన గోదాలోకి దిగాడంటాం. గెలిస్తే అవతలివాణ్ణి చిత్తు చేశాడంటాం. చిత్తు అంటే వెల్లకిలా పడటం. రెండు భుజాలూ మట్టికి అంటితేనే ఓటమి. బోర్లా పడ్డవాడు ఇంకా ఓడినట్టు కాదు. ఈ ఒక్క నియమం మీదే కుస్తీ అంతా నడుస్తుంది. కిందపడెయ్యడం ఒక పని, తిప్పడం ఇంకో పని. మొదటిదానికి బరువు కొంత సాయం చేస్తుంది. రెండోదానికి పట్టు తెలియాలి.

తేలికపాటి మల్లుడు నమ్ముకునేది ఆ పట్టునే. చాకిరేవులో తడిగుడ్డను భుజం మీదుగా తెచ్చి బండకేసి కొట్టడం చూసే ఉంటారు. హిందీవాళ్ళు ధోబీపాట్ అనే పట్టు సరిగ్గా అదే. ఎదుటివాడి చెయ్యి ఒకటి రెండు చేతులా దొరకబుచ్చుకోవాలి. గిరుక్కున వీపు తిప్పాలి. తిరుగుతూనే మోకాళ్ళు వంచి, మన నడుము అతని నడుం కిందికి దించాలి. ఇక్కడే ఉంది కీలకం. జానెడు పైన ఉంటే అతని బరువు మన మీద కూలుతుంది. జానెడు కిందికి పోతే అదే బరువు మన వీపు మీదుగా జారి అవతల పడుతుంది. అతనెంత బరువుంటే అంత జోరుగా పడతాడు. పొట్టిమనిషికి ఆ జానెడు కిందికి పోవడం సులువు. తాతయ్య చెప్పిన 'నడుం కింద చెయ్యి' ఇదే.

మన మట్టి కుస్తీకి కాటా ఉండేది కాదు. పెద్ద వస్తాదు ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి కంటితోనే జోడీ కుదిర్చేవాడు. ఆ కన్ను మంచిదైతే పోటీ మంచిదే. కాకపోతే తేలికవాడికి అన్యాయం జరిగేది. పైగా పేరంతా భారీ మనుషులకే పోయింది. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మొనగాడు, ఆయన కీర్తికి వంక పెట్టేవాడు లేడు. అయితే ఆయన తర్వాత తెలుగువాళ్ళకు మల్లుడంటే కొండంత మనిషే గుర్తొస్తాడు. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు, 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిన కృష్ణదేవరాయలు మధ్యస్థమైన ఎత్తు మనిషి. తెల్లవారక ముందే నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, ఆ నూనె చెమటగా కారిపోయాక తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టేవాడట. ఆ తర్వాత గుర్రమెక్కేవాడు.

మన దేశపు వస్తాదు గామా కథ ఇంకా దగ్గరిది. 1910లో లండన్ వెళ్తే, పొట్టిగా ఉన్నాడని పోటీలోకే రానివ్వలేదు. ఎవరొస్తారో రండని ఆయనే సవాలు విసిరి, అమెరికన్ బెంజమిన్ రోలర్‌ను పడగొట్టాక గానీ తలుపు తెరుచుకోలేదు. ఆ సెప్టెంబర్‌లో పోలండ్ మల్లుడు స్టానిస్లాస్ జిబిస్కో, గామా కంటే బాగా బరువైనవాడు, రెండున్నర గంటలకు పైగా సాగిన పోటీలో ఎక్కువసేపు బోర్లా పడుకునే ఉండిపోయాడు. చిత్తు కాకూడదని నేలను కరుచుకున్నాడు. మళ్ళీ 1928లో పాటియాలాలో ఇద్దరూ తలపడితే నిమిషం కూడా పట్టలేదు. గామా బరువు సుమారు 90 కిలోలు. తర్వాతి కాలపు అమెరికా లెక్కలో ఆయన హెవీవెయిట్ కాదు, జూనియర్ హెవీవెయిట్!

ఆ లెక్క 220 పౌండ్లు, మన కాటాలో క్వింటాకు రెండొందల గ్రాములు తక్కువ. క్వింటా లోపు మనిషిని 'తేలిక' అనడం మనకు వింతగానే ఉంటుంది. కానీ భారీ మనుషులే పోస్టర్ల మీద నిండిపోయిన ఆ రంగంలో, మిగిలినవాళ్ళకు సొంత గద్దె కావాలంటే ఎక్కడో ఒక గీత గీయాల్సిందే. 1948లో అక్కడి కుస్తీ నిర్వాహకులు నేషనల్ రెజ్లింగ్ అలయన్స్‌గా ఏర్పడ్డారు. ఆ సంఘం తొలి ప్రపంచ జూనియర్ హెవీవెయిట్ ఛాంపియన్ లెరోయ్ మెక్‌గర్క్, ఒక్లహోమా మనిషి. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. ఒంటికన్నుతోనే కాలేజీ కుస్తీలో జాతీయ విజేత అయ్యాడు, ప్రపంచ బిరుదూ అందుకున్నాడు. 1950 ఫిబ్రవరిలో కారు ప్రమాదంలో రెండో కన్నూ పోయింది. ఏలిక లేని ఆ బిరుదును అదే ఏడు నవంబర్‌లో వెర్న్ గానియా గెలుచుకున్నాడు. మెక్‌గర్క్ మాత్రం కుస్తీని వదల్లేదు. చూపు లేకుండానే టల్సా కేంద్రంగా దశాబ్దాల పాటు పోటీలు నడిపాడు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ వృత్తి కుస్తీలో గెలుపోటములు ముందే నిర్ణయమవుతాయి. అది తెలిసి కొందరు మొత్తాన్నీ బూటకమని కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. కురుక్షేత్రం నాటకంలో ఎవరు గెలుస్తారో తెలియక రాత్రంతా కూర్చుంటామా? పద్యం ఎలా పాడాడన్నదే మనకు కావాలి. ఇక్కడ పద్యం శరీరంతో పాడాలి. మెడ నిజమైనది, నేల నిజమైనది. పట్టు తప్పితే విరిగే ఎముకా నిజమైనదే.

ఆ జూనియర్ హెవీవెయిట్ బిరుదుకు గౌరవం తెచ్చినవాడు డానీ హాడ్జ్. ఈయన గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఒక్లహోమాలోనే పెర్రీ అనే చిన్న ఊరు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఇరవై ఏళ్ళ కుర్రాడిగా 79 కిలోల విభాగంలో పోటీ చేశాడు. మన ఖాశాబా జాదవ్ 57 కిలోల్లో కాంస్యం తెచ్చిందీ ఆ పోటీల్లోనే. స్వతంత్ర భారతానికి వ్యక్తిగతంగా వచ్చిన తొలి ఒలింపిక్ పతకం అది. అదీ తేలిక మల్లుడిదే. హాడ్జ్ 1956లో మెల్‌బోర్న్‌లో రజతం గెలిచాడు. కాలేజీలో 46 పోటీలాడి ఒక్కటీ ఓడలేదు, వాటిలో 36 చిత్తులు. అంతకంటే పెద్ద సంగతి, ఆ 46లో నిలబడి ఉన్న హాడ్జ్‌ను కిందికి తెచ్చినవాడు ఒక్కడూ లేడు. వృత్తి కుస్తీకి వచ్చి 1960లో జూనియర్ హెవీవెయిట్ బిరుదు గెలిచాక, పదహారేళ్ళ పాటు అది అటూ ఇటూ తిరిగినా మళ్ళీ మళ్ళీ ఆయన నడుముకే చేరింది.

ఆయన బలమంతా వేళ్ళలో ఉండేది. యాపిల్ పండును గుప్పిట్లో పెట్టి నుజ్జు చేసేవాడు, ముసలితనంలో కూడా. కండల కొలతల్లో ఇది కనపడదు. మా కార్డుల మీద బైసెప్స్ ఉండేది గానీ మణికట్టుకు అంకె లేదు. కుస్తీ పట్టేవాడికి ముందు కావలసింది మణికట్టే. దొరికిన చెయ్యి జారిపోతే ఎన్ని పట్లు తెలిసినా దండగ.

1976 మార్చిలో, బిరుదు తన దగ్గరే ఉండగా, హాడ్జ్ నడుపుతున్న కారు వంతెన మీద నుంచి కాలవలో పడింది. మెడ విరిగింది. ఒక చేత్తో తల కదలకుండా పట్టుకుని, నీళ్ళలో మునిగిన కారులోంచి ఈదుకుంటూ బయటపడ్డాడు. మళ్ళీ రింగులోకి దిగలేదు గానీ 2020 దాకా బతికాడు.

హాడ్జ్ దగ్గర్నుంచి 1964లో ఈ బిరుదు లాక్కున్నవాడు హీరో మత్సుదా అనే జపనీయుడు. బిరుదు మనసు తూర్పుకు తిరగడం అక్కడ మొదలైంది. మత్సుదాకు నేర్పినవాళ్ళలో కార్ల్ గోచ్ ఒకడు. తర్వాత టోక్యోలో న్యూ జపాన్ అనే కుస్తీ సంస్థ కుర్రాళ్ళకూ ఆయనే గురువు. వాళ్ళ వ్యాయామశాలను దోజో అంటారు. ఆ దోజోలో చేరినవాడికి మొట్టమొదట పట్లు నేర్పరు. వందల కొద్దీ 'హిందూ స్క్వాట్లు' తీయిస్తారు. పేరు చూసి వెతికితే అవి బస్కీలు. మునివేళ్ళ మీద ఆని, మడమలు లేపి, చేతులు ఊపుతూ కిందికి కూర్చుని లేచే మన తాలింఖానా బస్కీలే! పిల్లి సందులో దూరినట్టు ఒంటిని వంచి లేపే దండీలూ అక్కడున్నాయి. గామా వేల కొద్దీ తీసిన ఆ బస్కీలు, దండీలు పడమటి మల్లుల చేతుల మీదుగా టోక్యో చేరాయి. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

బరువు తక్కువవాడికి బస్కీ ఎందుకంత ముఖ్యమో ఒక్క పట్టు చూస్తే తెలుస్తుంది. 1978 జనవరి 23న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో న్యూ జపాన్ మల్లుడు తత్సుమి ఫుజినామి అమెరికా సంస్థ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూఎఫ్ వారి జూనియర్ హెవీవెయిట్ బిరుదు గెలిచాడు. ఎదుటివాడి వెనక చేరి, చంకల కింద నుంచి రెండు చేతులూ పోనిచ్చి మెడ వెనక వేళ్ళు పెనవేశాడు. అలాగే వెనక్కి విల్లులా వంగాడు. ఎదుటివాడి చేతులు రెండూ బందీ అయిపోయాయి, పడేటప్పుడు నేలకు ఆనించడానికి కూడా ఏమీ లేవు. భుజాలు తాకగానే ఫుజినామి లేచిపోలేదు. మునివేళ్ళ మీదా తల మీదా ఒళ్ళు వంతెనలా నిలిపి, మూడు లెక్కించేదాకా కదలకుండా ఉన్నాడు. డ్రాగన్ సూప్లెక్స్ అని పేరు పెట్టిన ఆ పట్టులో మల్లుడి బరువుకు పని లేదు. పనల్లా పిక్కలది, తొడలది, మెడది. బస్కీలు తీసిన కాళ్ళు కాకపోతే ఆ వంతెన కూలిపోతుంది.

1981 ఏప్రిల్ 23న పులి ముసుగుతో సతోరు సయామా రింగులోకి వచ్చాడు. అతని టైగర్ మాస్క్‌కు ఎదురు నిలిచింది ఇంగ్లండ్ కుర్రాడు డైనమైట్ కిడ్. కొల్లేట్లో కొర్రమీను పట్టినవాళ్ళకు ఒక సంగతి తెలుసు, గట్టిగా బిగించే కొద్దీ జారుతుంది. సయామా అలా జారేవాడు. మెక్సికోలో గాల్లో తిరగడం నేర్చాడు, దోజోలో నేల మీద పట్లు నేర్చాడు, ఆ రెంటికీ మధ్య అతుకు కనపడనిచ్చేవాడు కాదు. 1982లో హాడ్జ్ నాటి బిరుదూ ఫుజినామి నాటి బిరుదూ రెండూ అతనివే. మరుసటి ఏడాదికే ఆ ముసుగు వదిలేసి వెళ్ళిపోయాడు. 1986లో న్యూ జపాన్ సొంతంగా ఐడబ్ల్యూజీపీ జూనియర్ హెవీవెయిట్ బిరుదు నెలకొల్పింది. షిరో కోషినాకా తొలి విజేత.

ఆ బిరుదును పదకొండు సార్లు గెలిచినవాడు జుషిన్ లైగర్. పొట్టివాడని దోజో మొదట ఇతన్ని తీసుకోలేదు. ఊరుకోక మెక్సికో వెళ్ళి సాధన చేస్తుంటే, అక్కడ చూసి వాళ్ళే పిలుచుకున్నారు. 1989లో ముసుగు వేసిన ఆ మనిషి 2020 జనవరి దాకా రింగులోనే ఉన్నాడు. లండన్‌లో గామాకు మూసిన తలుపు, ఎనభై ఏళ్ళు తిరగకముందే ఇక్కడ తెరుచుకుంది. ఒక్క కొలబద్ద మారితే ఎంత విద్య బయటికొస్తుందో చూడండి.

అమెరికాలో మాత్రం తేలికవాళ్ళకు అలాంటి నీడ చాలాకాలం నిలవలేదు. 1996 జూలైలో రే మిస్టీరియో అక్కడ తేలికవాళ్ళకు పెట్టిన క్రూజర్‌వెయిట్ బిరుదు గెలిచినప్పుడు ప్రపంచమంతా నోరు తెరిచి చూసింది. ఐదున్నర అడుగుల మనిషి, ఎనభై కిలోలు ఉండడు. తర్వాత ఆ బిరుదు చేతులు మారి, మరుగున పడింది. 2016లో 205 పౌండ్ల గీతతో మళ్ళీ కొత్తది పెట్టారు, 2022 మొదట్లో దాన్నీ ఇంకో బిరుదులో కలిపేశారు. తేలికవాళ్ళు పెద్దవాళ్ళతోనే పోటీ పడాలనడం వినడానికి బాగుంటుంది. కానీ వాళ్ళ గద్దె వాళ్ళకుంటేనే వాళ్ళ విద్యకు వారసులుంటారని టోక్యో చూపించింది.

మొన్న సంక్రాంతికి మా తమ్ముడి కొడుకు తాడేపల్లిగూడెం నుంచి వచ్చాడు. పద్నాలుగేళ్ళు, బక్కపలచని పిల్లాడు. పెరట్లో ఫోను గోడకు ఆనించి, లైగర్ పాత పోటీలు పెట్టుకుని, కిందికీ పైకీ లేస్తున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"హిందూ స్క్వాట్స్ పెదనాన్నా. జపాన్ వాళ్ళవి."

మడమలు నేలకు ఆనే ఉన్నాయి. పక్కన నిలబడి, మునివేళ్ళ మీదకి రమ్మన్నాను. చేతులు వెనక్కి ఊపి, కూర్చునేటప్పుడు వేళ్ళు నేలను తాకించి, లేచేటప్పుడు ముందుకు తెమ్మన్నాను. పేరు బస్కీ అని చెప్పాను. వాడు ఒకటి నుంచి మళ్ళీ లెక్క మొదలుపెట్టాడు. నలభై రెండు దగ్గర తొడలు వణికాయి. అరవై దాకా ఆపలేదు.