మెట్లు ఎవరి కోసం?

మొన్న మా మనవరాలు ఓ బొమ్మల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. బాబెలు గోపురం కథ. మబ్బుల్ని పొడుస్తూ, నత్తగుల్లలా చుట్లు తిరిగిన గోపురం బొమ్మ. “తాతయ్యా, వీళ్లు దేవుడి మీదికి యుద్ధానికెళ్లారా?” అంది. “అంతేనమ్మా. పొగరెక్కి కట్టారు. దేవుడు వాళ్ల భాషలు కలగాపులగం చేసేశాడు” అన్నాను. “మరి దేవుడికి అంత భయమెందుకూ?” అంది. జవాబు తోచక, టిఫినుకు పిలుస్తున్నారంటూ తప్పించుకున్నాను.

ఆ రాత్రి ఆదికాండం పదకొండో అధ్యాయం తీసి చూశాను. కథంతా తొమ్మిదే వచనాలు. ఒక్క మాట ఎక్కువ లేదు. ఎటొచ్చీ మనం కథను వదిలేసి బొమ్మను చదువుతున్నామని నాకనిపించింది. ఈ చుట్ల గోపురానికి పేరు తెచ్చింది 1563లో బ్రూగెల్ వేసిన చిత్రం. ఆయన మనసులో ఉన్నది రోము నగరపు కొలోసియం. బాబిలోను గోపురం గుండ్రనిది కాదు, నలుచదరం.

అలాంటి మెట్ల గోపురాలను జిగ్గురాట్లంటారు. క్రీ.పూ. 2100 ప్రాంతంలో ఉర్-నమ్ము అనే రాజు చంద్రదేవుడి కోసం ఊర్ నగరంలో కట్టించినదాని కింది అంతస్తు నేటికీ ఇరాక్‌లో ఉంది. పొడవు సుమారు 64 మీటర్లు, వెడల్పు 46. లోపల పచ్చి ఇటుక, పైన తారుతో అతికిన కాల్చిన ఇటుక. లోపలికి వెళ్లి దణ్ణం పెట్టుకుందామంటే గర్భగుడి లేదు, మండపం లేదు. అంతా గట్టి దిమ్మె. గుడి ఉండేది శిఖరాన.

మరి ఆ మెట్లు ఎవరి కోసం? పూజారులు ఎక్కితే ఎక్కి ఉండవచ్చు. కాని బాబిలోను గోపురం శిఖరాన ఉన్న గుడిలో విగ్రహం లేదనీ, చక్కగా పరిచిన పెద్ద మంచం, బంగారు బల్ల మాత్రం ఉన్నాయనీ గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. దేవుడే వచ్చి ఆ మంచం మీద విశ్రమిస్తాడని అక్కడి పూజారులు చెప్పారట. తాను మాత్రం నమ్మనని కూడా రాసుకున్నాడాయన! నమ్మినా నమ్మకపోయినా సంగతి తేలిపోయింది. మనిషి పైకెక్కడం కన్నా దేవుడు కిందికి దిగడమే అక్కడ ముఖ్యం. అవతారమంటే దిగి రావడమని తెలిసిన మనకు ఇది వింతగా తోచకూడదు.

చిత్రమేమంటే, ఆదికాండం కథలోనూ దేవుడు గోపురాన్ని చూడటానికి దిగే వస్తాడు! కట్టినవాళ్లు కోరిన రాకే అది. వచ్చిన పని మాత్రం వేరు. వాళ్ల భాషలో బాబిలోను అంటే దేవుడి వాకిలి. హీబ్రూలో దానికి దగ్గరగా వినిపించే మాటకు కలగాపులగం చేయడమని అర్థం. ఒక్క శ్లేషతో దేవుడి వాకిలి కాస్తా గందరగోళమైపోయింది.

ఇది అన్యాయం కదూ అని రాయబోయి కలం ఆపాను. ఆ గోపురాన్ని పూర్తి చేయించిన నెబుకద్నెజరే క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము ఆలయాన్ని నేలమట్టం చేయించి, అక్కడివాళ్లను చెరపట్టాడు. దేశదేశాల జనాన్ని ఈ పనికి దింపానని తన శాసనంలో తానే గొప్పగా చెప్పుకున్నాడు. అక్కడ ఎన్ని భాషలు వినిపించి ఉంటాయో ఊహించండి. తన గుడి కూలిపోయినవాడికి ఎదుటివాడి గోపురంలో భక్తి కనపడమంటే ఎలా కనపడుతుంది?

కాబట్టి కథ అబద్ధం కాదు, గోపురం పొగరూ కాదు. ఒకటి కట్టించినవాడి మాట, రెండోది బరువు మోసినవాడి మాట. రెండోదే వింటూ వచ్చిన మనం మొదటిదాన్నీ వినాలి. ఆ గోపురాన్ని తిరిగి కట్టిద్దామని శిథిలాలు తీయించిన అలెగ్జాండరు క్రీ.పూ. 323లో అక్కడే కన్నుమూశాడు. ఇప్పుడక్కడ మిగిలింది నీళ్లు నిలిచిన నలుచదరపు గొయ్యి.

మర్నాడు ఇదంతా మనవరాలికి చెప్పాను. బుద్ధిగా వింది. “అయితే తాతయ్యా, అంత మంచి పక్క వేశారు కదా, దేవుడొచ్చి పడుకున్నాడా?” అంది.

ఈసారి టిఫినుకు కూడా ఎవరూ పిలవలేదు.