ఖాళీ గడులు ఎవరివి? ‘సివిలైజేషన్’ ఆటలో రష్యా: ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆట నియమాలను ఒక రచనలాగా చదివి, అవి చేసే వాదనను గుర్తించగలుగుతారు.
• ‘సివిలైజేషన్ 6’లో రష్యాకు ఇచ్చిన ప్రత్యేక లక్షణాలను వివరించగలుగుతారు.
• ‘ఖాళీ నేల’ అనే భావనను చరిత్రతోనూ, మీకు తెలిసిన ప్రదేశాలతోనూ పోల్చి పరీక్షించగలుగుతారు.

1. పరిచయం

కవిత, కథ, నవల, నాటకం, సినిమా – వీటిని విమర్శించే పద్ధతులు మీకు పరిచయమే. ఈ పాఠంలో విమర్శకు తీసుకున్న వస్తువు ఒక కంప్యూటర్ ఆట. ఆట కూడా విమర్శకు తగిన వస్తువేనా అనే సందేహం మీకు కలగవచ్చు. ఒకప్పుడు సినిమా గురించి కూడా ఈ సందేహమే ఉండేది. ఈనాడు లక్షలాది యువతీ యువకులు చరిత్రను, రాజ్యాన్ని, యుద్ధాన్ని మొదటిసారి ఊహించుకునేది ఆటల ద్వారానే. కాబట్టి అవి ఏం నేర్పుతున్నాయో పరిశీలించడం విమర్శకుని పని.

‘సివిలైజేషన్’ ఆటను సిడ్ మయర్ రూపొందించగా 1991లో మైక్రోప్రోస్ సంస్థ విడుదల చేసింది. దీనిలో ఆరవ భాగం 2016లో ఫిరాక్సిస్ సంస్థ నుంచి వచ్చింది. ఇది వంతులవారీ ఆట. అంటే చదరంగంలోలాగా మీ వంతు మీరు ఆడాక ఎదుటివారి వంతు వస్తుంది. ప్రపంచ పటం షడ్భుజాకారపు గడులుగా ఉంటుంది. ఆటగాడు ఒక నాగరికతను ఎంచుకుని, రాతియుగం నాటి చిన్న గుంపుతో మొదలుపెట్టి, అంతరిక్ష యుగం దాకా నడిపిస్తాడు. మీరు ఈ ఆటను ఎన్నడూ ఆడకపోయినా ఈ పాఠం అర్థమవుతుంది.

2. నియమాలు చేసే వాదన

పులి-మేక ఆటను గుర్తు తెచ్చుకోండి. బండమీద గీతలు గీసి, మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే రూపం మన పల్లెల్లో కనిపిస్తుంది. పులి దూకి మేకను తినగలదు. మేక పులిని తినలేదు. కాని మేకలన్నీ కూడబలుక్కుని నిలబడితే పులికి కదిలే దారి ఉండదు. ఇక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. అయినా బలహీనులు ఒక్కటైతే బలవంతుణ్ని బంధించవచ్చు అనే మాటను ఆట నియమాలే చెప్పాయి.

ఇయాన్ బొగోస్ట్ అనే విమర్శకుడు 2007లో వెలువరించిన గ్రంథంలో ఈ అంశాన్ని సిద్ధాంతీకరించాడు. రచన మాటలతో ఒప్పిస్తుంది, చిత్రం దృశ్యంతో ఒప్పిస్తుంది, ఆట తన నియమాలు నడిచే తీరుతో ఒప్పిస్తుంది అని ఆయన వాదన సారాంశం. కనుక ఆటను విమర్శించేటప్పుడు బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయి అని కాక, ఏ పనికి బహుమతి దక్కుతుంది, ఏ పనికి శిక్ష పడుతుంది, ఏ పని అసలు సాధ్యమే కాదు అని అడగాలి.

3. రష్యాగా ఆడటం

ఈ ఆటల వరుసలో రష్యాకు విస్తరణ స్వభావం పాతదే. 2001లో వచ్చిన మూడవ భాగం రష్యాకు ఇచ్చిన రెండు లక్షణాలలో ఒకటి పేరులోనే ‘విస్తరణవాద’ లక్షణం. ఆరవ భాగంలో ఆ పేరు లేదు గాని, పని మాత్రం ఇంకా బలంగా జరుగుతుంది. పీటర్ చక్రవర్తి నాయకత్వంలో రష్యాకు దొరికే వరాలను పరిశీలించండి.

మొదటిది: ఏ నాగరికత నగరం స్థాపించినా మామూలుగా దాని చుట్టూ ఉన్న ఆరు గడులు దక్కుతాయి. రష్యా నగరానికి మరికొన్ని గడులు మొదటి వంతులోనే అదనంగా వస్తాయి. రెండవది: చాలా నాగరికతలకు పెద్దగా పనికిరాని టండ్రా నేల రష్యాకు అదనపు ఉత్పత్తినీ, మతవిశ్వాసాన్నీ ఇస్తుంది. మూడవది: ‘లావ్రా’ అనే మఠం తక్కువ ఖర్చుతో కట్టవచ్చు. అది ఉన్న నగరంలో ఒక మహనీయుని సేవను వినియోగించుకున్న ప్రతిసారీ నగర సరిహద్దు ఒక గడి పెరుగుతుంది. నాలుగవది: కొసాక్ అశ్వదళం సొంత భూభాగంలోనూ, దాని సరిహద్దును ఆనుకునీ పోరాడేటప్పుడు మరింత బలంగా ఉంటుంది. ఐదవది: తనకంటే ముందున్న దేశాలతో వర్తకం చేస్తే రష్యాకు విజ్ఞానం, సంస్కృతి లభిస్తాయి. 1697–98లో పీటర్ పడమటి ఐరోపాలో తిరిగి ఓడల నిర్మాణం నేర్చుకున్న యాత్రకు ఇది ఆటలోని రూపం.

వీటిని విడివిడిగా కాక కలిపి చదవండి. నేల పెరిగితే ఉత్పత్తి పెరుగుతుంది. ఉత్పత్తితో మఠాలు వస్తాయి. మఠాలు మహనీయులను రప్పిస్తాయి. మహనీయులు మళ్లీ నేలను పెంచుతారు. నేల పెరిగినకొద్దీ కొసాక్‌లు బలంగా ఉండే చోటు కూడా పెరుగుతుంది. వెనకబడినా నష్టం లేదు, వర్తకం ఆ లోటు పూడుస్తుంది. ఈ చక్రం ఒకసారి తిరగడం మొదలుపెట్టాక దాన్ని ఆపడానికి ఆటగాడికి ఒక్క కారణమూ కనబడదు. ‘ఇంకొక్క వంతు’ అనుకుంటూ తెల్లవారేదాకా కూర్చోబెట్టే ఆకర్షణ ఇదే. దీన్ని ఆడినవారు ఆ ఆనందాన్ని దాచుకోనక్కరలేదు. ఆనందాన్ని ఒప్పుకున్నాకే విమర్శ మొదలవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1) పులి-మేక ఆట నియమాలు చేసే వాదన ఏమిటి?
2) రష్యా లక్షణాలు ఒకదానినొకటి ఎలా బలపరుస్తాయి?

4. ఆ గడులలో ఎవరున్నారు?

ఆటలో టండ్రా గడిని పరిశీలిస్తే దాని ఆహారం, ఉత్పత్తి, విశ్వాసం అంకెల్లో కనిపిస్తాయి. అక్కడి మనుషులు కనిపించరు. నాగరికతలకు బయట ఉన్నవారికి ఆట ముఖ్యంగా రెండు స్థానాలే ఇచ్చింది. ఒకటి ‘తెగ గ్రామం’. మీ అన్వేషకుడు అందులో అడుగుపెడితే బంగారమో, విద్యో ఇచ్చి ఆ గ్రామం పటం మీదినుంచి మాయమవుతుంది. రెండవది ‘అనాగరికుల శిబిరం’. దాన్ని నాశనం చేస్తే బహుమతి వస్తుంది. వీరు కాక చిన్న నగర రాజ్యాలున్నాయి గాని, టండ్రాలో రెయిన్‌డీర్లను మేపుకునే సంచార జాతి ఆ చట్రంలోనూ ఇమడదు.

చరిత్ర వేరుగా ఉంది. యెర్మాక్ నాయకత్వంలో కొసాక్‌లు 1580ల ఆరంభంలో యూరల్ పర్వతాలు దాటారు. 1639 నాటికి ఇవాన్ మాస్క్విటిన్ బృందం పసిఫిక్ తీరంలోని ఒఖోత్స్క్ సముద్రాన్ని చేరింది. అరవై ఏళ్లు తిరగకుండా ఒక ఖండం దాటడానికి కారణం సేబుల్ అనే చిన్న జంతువు బొచ్చుతోలు. ఆ తోళ్లను స్థానిక జాతుల నుంచి ‘యాసక్’ అనే కప్పంగా వసూలు చేశారు. కప్పం ఆగకుండా వారి పెద్దలను, పిల్లలను బందీలుగా ఉంచుకున్నారు. ఆ బందీలకు వాడిన రష్యన్ మాట ‘అమానత్’. అరబ్బీ నుంచి వచ్చిన ఈ మాట ఉర్దూ ద్వారా మన హైదరాబాదీలకూ తెలుసు. మనకు అది నమ్మకంతో అప్పగించిన సొమ్ము. అక్కడ అది తాకట్టు పెట్టిన మనిషి. బయటివారితో వచ్చిన మశూచి చాలా సముదాయాలను తుడిచిపెట్టింది. ఈశాన్య కొసన చుక్చీలు పద్దెనిమిదవ శతాబ్దంలో దశాబ్దాలపాటు ఎదురు నిలిచారు.

ఇంకొక అంశం గమనించండి. సైబీరియాలో ఎక్కువ భాగం పీటర్ పుట్టకముందే రష్యా చేతికి వచ్చింది. పీటర్ సొంత యుద్ధం ప్రధానంగా స్వీడన్‌తో. 1703లో ఆయన స్థాపించిన సెయింట్ పీటర్స్‌బర్గ్ బురదనేలలో వెట్టి కూలీల చెమటతో లేచింది. ఆట ఈ వేర్వేరు కథలను ‘రష్యా స్వభావం’ అనే ఒక్క గుణంగా ముడివేసింది. ఒక కాలంలో కొందరు, కొన్ని లాభాల కోసం చేసిన పని ఒక జాతి పుట్టుకతో తెచ్చుకున్న లక్షణంగా మారిపోయింది. ఆటలోని అతి పెద్ద చారిత్రక దోషం ఇదే.

5. జూబ్లీహిల్స్ నుంచి చూస్తే

ఈ ప్రశ్న సైబీరియాకే పరిమితం కాదు. తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలి వచ్చిన కథను మీరు వినే ఉంటారు. అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోను 1976లో ప్రారంభించారు. స్టూడియోలకు, సినిమా వారి ఇళ్లకు ప్రభుత్వం స్థలాలు ఇచ్చి ప్రోత్సహించింది. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ఇలా ఎదిగాయి. ఈ కథ చెప్పేవారందరూ ఒక వాక్యం తప్పక అంటారు: ‘అప్పుడు ఇక్కడ ఏమీ లేదు, అన్నీ రాళ్లూ రప్పలే.’

ఆ వాక్యంలో నిజం ఉంది. రాళ్లకొండమీద ఒక పరిశ్రమను నిలబెట్టిన వారి సాహసాన్ని తక్కువ చేయనక్కరలేదు. ఇది సైబీరియా ఆక్రమణతో సమానమూ కాదు. కాని ‘ఏమీ లేదు’ అనే మాటను విమర్శకుడు ఆగి చూడాలి. పక్కనే ఉన్న కొండల పేరు బంజారాహిల్స్. అక్కడ నివసించిన బంజారాల పేరే ఆ కొండలకు వచ్చింది. వారి పేరు పటం మీద నిలిచింది, వారు నిలవలేదు. ఆటలో మాయమయ్యే తెగ గ్రామానికీ దీనికీ ఉన్న పోలిక కాదనలేనిది. ఫిలింనగర్‌లో ఈనాటికీ బంగళాలను ఆనుకుని బస్తీలున్నాయి. ఆ బంగళాలలోనూ, స్టూడియోలలోనూ పనిచేసేవారు ఎందరో ఆ బస్తీల నుంచే వస్తారు. ‘ఏమీ లేని చోట నిర్మించాం’ అనే కథలో వారికి పాత్ర దొరకదు.

ఆటలో నగరం స్థాపించే పాత్ర పేరు ‘సెటిలర్’. నగరం స్థాపించగానే ఆ పాత్ర పటం మీదినుంచి అదృశ్యమవుతుంది. ‘నువ్వు ఎక్కడినుంచి వచ్చావు’ అని దాన్ని ఎవరూ అడగరు. ఇదే మాట హైదరాబాదులో ఎంత రాజకీయ బరువు మోసిందో మీకు తెలుసు. ఇక్కడ ఆ ప్రశ్న తరాలు మారినా ముగియలేదు. ఆట ఒక్క వంతులో ముగించిన ప్రశ్నను సమాజం దశాబ్దాలు మోస్తుంది.

సినిమా కూడా ఇందుకు అతీతం కాదు. 2015లో వచ్చిన ‘బాహుబలి’ మొదటి భాగంలో మాహిష్మతి మీదికి కాలకేయులు దండెత్తి వస్తారు. వారికోసం ‘కిలికి’ అనే కొత్త భాషను కూడా కల్పించారు. కాని వారి ఊరు, వారి పంట, వారి పిల్లలు తెరమీద లేరు. వారు రాజ్యం గొప్పతనాన్ని నిరూపించడానికి ఓడిపోవలసిన గుంపు మాత్రమే. ఆటలోని అనాగరికుల శిబిరం చేసే పని ఇదే. ఒక తేడా ఉంది. సినిమాలో మనం చూస్తాం, ఆటలో మనమే ఆ పని చేస్తాం. అందుకే ఆట విమర్శ ఆటగాడి ఆత్మవిమర్శ కూడా అవుతుంది.

6. ఆటకు న్యాయం

విమర్శ అంటే తప్పులు ఎంచడం మాత్రమే కాదు. 2018లో వచ్చిన అనుబంధ భాగం ‘విధేయత’ అనే నియమాన్ని చేర్చింది. పరాయి నగరాల పొరుగున మోతాదు మించి విస్తరించినవారి నగరాలు తిరగబడవచ్చు. 2021లో చేర్చిన ఒక ఆట విధానంలో అనాగరికుల శిబిరాలతో ఒప్పందాలు చేసుకోవచ్చు, కొంతకాలానికి అవి స్వతంత్ర నగర రాజ్యాలుగా ఎదగగలవు. రూపకర్తలు సమస్యను గుర్తించారనడానికి ఇవి సాక్ష్యాలు.

అయితే ఈ సవరణల పరిమితి కూడా తెలుసుకోవాలి. అదే 2018లో కెనడాకు చెందిన క్రీ జాతి నాయకుడు పౌండ్‌మేకర్‌ను ఆటలో చేర్చారు. ఆయన సముదాయపు ప్రతినిధి మిల్టన్ టూటూసిస్ దీనిపై అభ్యంతరం చెప్పారు. మూలవాసులకు కూడా వలస పాలకుల్లాంటి ఆక్రమణ విలువలే ఉండేవన్న అపోహను ఇది కొనసాగిస్తుందన్నది ఆయన వాదన. అంటే బయట ఉంచినవారిని లోపలికి పిలిచినా ఆడవలసింది అదే ఆట. గెలవాలంటే వారూ ఆ గడులను నింపవలసిందే.

కనుక ఈ పాఠం తీర్పు ఇది: విస్తరణ కాంక్ష లోపలినుంచి ఎంత సహజంగా, ఎంత తియ్యగా ఉంటుందో ఈ ఆట చూపినంత బలంగా చరిత్ర పుస్తకం చూపలేదు. అది దీని గొప్పతనం. ఆ తీపికి ఎవరు వెల చెల్లించారో లెక్క చూపకపోవడం దీని లోపం. ఆ లెక్కను ఆటగాడే తన చదువుతో పూరించుకోవాలి.

7. సారాంశం

ఆట నియమాలు వాదన చేస్తాయి. రష్యా లక్షణాలు నేలను ఖాళీ వనరుగా చూపుతాయి. చరిత్రలో ఆ నేల ఖాళీగా లేదు. ‘ఖాళీ’ అనే మాట ఆటలోనే కాదు, మన నగర కథల్లోనూ, సినిమాల్లోనూ పనిచేస్తుంది. మన గ్రామ లెక్కల్లోని ‘బంజరు’, ‘పోరంబోకు’ అనే మాటలు కూడా ఇలాంటివే. రికార్డులో అవి సాధారణంగా ఏ వ్యక్తి పేరునా ఉండవు. కాని పశువులు మేసేది, పిల్లలు ఆడుకునేది, ఇల్లు లేనివారు గుడిసె వేసుకునేది చాలా ఊళ్లలో అక్కడే.

నమూనా పరీక్షా ప్రశ్నలు

అ) వ్యాసరూప ప్రశ్నలు
1) ‘సివిలైజేషన్ 6’లో రష్యా లక్షణాలను వివరించి, అవి విస్తరణను ఎలా సహజంగా చూపుతాయో విమర్శించండి.
2) జాతి స్వభావం, చారిత్రక పరిస్థితి – వీటి మధ్య తేడాను సైబీరియా ఉదాహరణతో వివరించండి.

ఆ) లఘు ప్రశ్నలు
1) ‘తెగ గ్రామం’, ‘అనాగరికుల శిబిరం’ – వీటి పాత్ర ఏమిటి?
2) టూటూసిస్ అభ్యంతరం ఏమిటి?

ఇ) అభ్యాసం
మీ ఊరిలో లేదా బస్తీలో ‘ఖాళీ స్థలం’ అని పిలిచే ఒక చోటుకు వెళ్లండి. ఉదయం, సాయంత్రం ఆ చోటును ఎవరు, దేనికి వాడుతున్నారో చూసి ఒక పుట రాయండి. రాసే ముందు అక్కడి పెద్దలలో ఒకరిని తప్పక పలకరించండి.