బుడగ కోసం కాపలా

రోహిణి కార్తెలో, రాజమండ్రిలో పాత కారు ఏసీ వేడిగాలి కొడితే ఎవరైనా "గ్యాస్ కొట్టించెయ్యండి" అనేస్తారు. మంచి మెకానిక్ ముందు బానెట్ ఎత్తుతాడు. గొట్టాల అతుకుల దగ్గర జిడ్డు వెతుకుతాడు. గ్యాస్ కారేచోట కంప్రెసర్ ఆయిలూ చెమ్మగిల్లుతుంది మరి. సబ్బు నురగ పూసి బుడగ కోసం కాచుక్కూర్చుంటాడు. ఆ అతుకులోని ఓ-రింగ్ మార్చాక వాక్యూమ్ పంపు పెట్టి అరగంట వదిలేస్తాడు. లోపల తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచు కట్టి దారి మూసేస్తుంది. మన గోదావరి గాలికి తేమ కరువా! ఆర్-134ఏ గ్యాస్ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. మరుగుతూ అది లాక్కునే వేడే మనకి చల్లదనం. ఆ గ్యాస్‌ని తూకం చూసి ఎక్కిస్తాడు.

"ఇంకాస్త వెయ్యవయ్యా" అన్నాను మా మెకానిక్‌తో.

"ఎక్కువైతే చల్లదనం తగ్గిపోద్దండి, ఆయ్!"

కంప్రెసర్ క్లచ్ టిక్కుమంది. అరచెయ్యి గాలికి అడ్డంపెట్టి ఇంకో నిమిషం ఆగాడు.