మలుపుకి ముందే బ్రేకు

చంద్రపూర్ నుంచి మొహర్లీ వెళ్లే రోడ్డు మా పద్మాపూర్ మీదుగానే పోతుంది. శని, ఆదివారాలొస్తే తాడోబాలో పులిని చూడబోయే కార్లు ఈ దారిన ఒకదాన్ని మించి ఒకటి దూసుకుపోతుంటాయి. బండిలో సత్తా ఉంది, తొక్కడానికి కాలూ ఉంది. లేనిదల్లా శిక్షణే.

ఆ శిక్షణ విలువ బొగ్గు గనిలో డంపర్ ఆపరేటర్‌కి బాగా తెలుసు. ఓపెన్‌కాస్ట్‌లో హాల్ రోడ్డు వాలు మామూలుగా పదహారుకి ఒకటి మించకూడదని నియమం. అంత తక్కువ వాలులో కూడా, 60 టన్నుల డంపర్‌ని దింపేవాడు దిగుడు మొదలవకముందే గేరు తగ్గించుకుని, వాలులో వేగాన్ని పట్టి ఉంచే రిటార్డర్ వేసుకుంటాడు. దిగుతూ సర్దుకుందామంటే బ్రేకులు కాగిపోతాయి, ఆ తర్వాత బండి అతని మాట వినదు. రేస్ ట్రాక్ మీద మొదటి రోజు చెప్పే పాఠమూ ఇదే. వేగాన్ని మలుపులో కాదు, మలుపుకి ముందే తగ్గించుకోవాలి.

ఈ విద్యని మన దేశంలో పెంచి పోషించిన ఊరు కోయంబత్తూరు. అందులో తెలుగువాళ్ల పాత్ర చాలా పెద్దది. అక్కడి నాయుళ్ల ఇళ్లలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థని కట్టిన జి.డి. నాయుడు ఆ సమాజం మనిషే. లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టిన సుందరం కరివర్ధన్ మరో అడుగు ముందుకు వేసి రేసు కార్లే తయారుచేశారు. 1980ల చివర్లో ఆయన రూపొందించిన ఫార్ములా మారుతి కారుకి గుండెకాయ మన మారుతి 800లోని 796 సీసీ ఇంజనే. ఉక్కు గొట్టాలని కోసి, వెల్డింగ్ చేసి చట్రం కట్టేవారు. దానిపైన ఫైబర్‌గ్లాస్ తొడుగు, మధ్యలో ఒక్క మనిషికి చోటు. విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరికేవి. పోటీలో అందరిదీ ఒకే రకం కారు కాబట్టి, గెలిచాడంటే అది డబ్బు గొప్ప కాదు, చేతి నేర్పే. నా దృష్టిలో కరివర్ధన్ ఈ దేశానికి చేసిన అసలు మేలు ఇదే. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయారు. కోయంబత్తూరు శివార్లలో చెట్టిపాళయం దగ్గరున్న కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరే మోస్తోంది.

ఆ ఊరి కుర్రాడే నారాయణ్ కార్తికేయన్. 1992లో, పదిహేనేళ్ల వయసులో ఫ్రాన్స్‌లోని విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూల్‌లో చేరాడు. తిరిగొచ్చాక ఫార్ములా మారుతి నడిపాడు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్ బరిలో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. అంత ప్రతిభ ఉన్నవాడు కూడా బడికెళ్లాడన్నది మనవాళ్లు గమనించాలి.

ఇంతకీ ఆ బడిలో ఏం నేర్పుతారు? మొదట కూర్చోవడం నేర్పుతారు. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీద ఆనాలి. చాలామంది సీటు వెనక్కి వాల్చుకుని కూర్చుంటారు. అలా కూర్చుంటే అవసరమైన క్షణంలో బ్రేకుని పూర్తిగా తొక్కలేరు. తర్వాత చూపు. కళ్లు ఎటు చూస్తే చేతులు బండిని అటే తిప్పుతాయి. గోడని చూస్తే గోడవైపే పోతారు. అందుకే బానెట్ ముందు కాకుండా మలుపు లోపలి అంచుని, అక్కడినుంచి బయటికి పోయే దారిని చూడమంటారు.

అసలు కిటుకంతా టైరులో ఉంది. ఒక్కో టైరు నేలని తాకేది అరచేయంత మేరే. ఉన్న ఆ పట్టునే బ్రేకుకీ, మలుపుకీ పంచుకోవాలి. గట్టిగా బ్రేకు తొక్కుతూనే స్టీరింగ్ తిప్పితే రెండింటికీ చాలదు, బండి జారుతుంది. బ్రేకు తొక్కగానే బరువు ముందుకొచ్చి ముందు టైర్లకి పట్టు పెరుగుతుంది, వెనక టైర్లు తేలికవుతాయి. కాబట్టి తిన్నగా ఉండగానే గట్టిగా తొక్కి, స్టీరింగ్ తిరుగుతున్న కొద్దీ పాదాన్ని మెల్లగా వదలాలి. టక్కున వదిలేస్తే ముందు పట్టు పోయి, బండి మలుపు తిరగకుండా బయటికి నెట్టుకుపోతుంది. కోర్సులో ఎక్కువసేపు సాధన చేయించేది పాదాన్ని ఇలా వదలడమే. చూసేవాళ్లకి ఇందులో హడావిడేమీ కనపడదు, కానీ డ్రైవర్ పనితనమంతా ఇక్కడే తేలుతుంది.

ట్రాక్ మీద మలుపుని వెలుపలి అంచున మొదలుపెట్టి, లోపలి అంచుని తాకి, మళ్లీ వెలుపలికి వస్తారు. అలా చేస్తే మలుపు వంపు తగ్గుతుంది. వంపు వ్యాసార్థం రెట్టింపైతే అదే పట్టుతో సుమారు 40 శాతం ఎక్కువ వేగంతో తిరగొచ్చు. ఇది ట్రాక్‌కే పరిమితం. ఎదురుగా బండ్లొచ్చే రోడ్డు మీద మన వరస దాటకూడదు.

మామూలు డ్రైవర్‌కి ఇదంతా ఎందుకంటారా? పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, గంటకి 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే దాదాపు 12 మీటర్లలో ఆగే కారు, 100 దగ్గర ఆగడానికి దాదాపు 50 మీటర్లు తీసుకుంటుంది. వేగం రెట్టింపు, దూరం నాలుగింతలు. పైగా కాలు బ్రేకు మీదికి వెళ్లే ఆ ఒక్క సెకనులో బండి మరో 28 మీటర్లు పోతుంది. లెక్క చదివితే తల ఊపుతాం. ట్రాక్ మీద బ్రేకు తొక్కి, ఆగిన చోటు నుంచి తొక్కిన చోటుకి వెనక్కి నడిచి చూసుకున్నవాడు మాత్రం ముందు బండికి అతుక్కుపోయి నడపడు.

ఈ శిక్షణ కావాలంటే, బల్లార్షాలో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా కోయంబత్తూరులో దిగొచ్చు. శనివారం అవినాశి రోడ్డులో జి.డి. నాయుడు సంస్థ నడిపే కార్ల మ్యూజియం చూడండి. పాత కార్ల చట్రాలూ ఇంజన్లూ దగ్గర్నుంచి చూస్తే, మర్నాడు కరి స్పీడ్‌వే ట్రాక్ మీద చెప్పేది తేలిగ్గా ఎక్కుతుంది. ట్రాక్ మీద ఏ వారం ఎవరు శిక్షణ ఇస్తున్నారో ముందే కనుక్కుని బయల్దేరండి. కొత్త కారు కొనిచ్చే తల్లిదండ్రులకి నా మనవి ఒకటే. సన్‌రూఫ్‌కి పెట్టే డబ్బు ఈ శిక్షణకి పెట్టండి.